లాకులు అంటే గేట్లు కాదు: ధవళేశ్వరం నుంచి లొల్ల దాకా కాలవ గట్టు మీద

ఈ ఎపిసోడ్ ఒక సారీతో మొదలుపెడుతున్నాను. కిందటేడాది లొల్ల లాకుల దగ్గర నిలబడి, "పొలాలకి నీళ్ళు వదిలే గేట్లనే లాకులు అంటారు" అని మహా ధీమాగా చెప్పేశాను. ఆ వీడియో మా నాన్నమ్మ చూసింది. "ఒరేయ్, నీళ్ళకైతే తూములు చాలు కదరా. లాకులు పడవలకి. నేను కాపురానికి వచ్చింది ఆ లాకులు దాటే" అంది. బీటెక్ చదివి, నాలుగేళ్ళు కోడ్ రాసి, ఇప్పుడు మీకు చరిత్ర చెప్తున్న నాకు గాలి తీసేసినట్టయింది.

అందుకే ఈసారి ముందు ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియంకి వెళ్ళాను. చిన్నదే. ఆవరణలో తుప్పు పట్టిన పాత యంత్రాలు, లోపల ఆనకట్ట నమూనాలు, ఫోటోలు. గంటలో చూసేయొచ్చు. చాలామంది బయట యంత్రాల దగ్గర సెల్ఫీ దిగి వెళ్ళిపోతున్నారు. కిందటిసారి నేను చేసిందీ అదే.

ఆనకట్ట కథ మీకు కొంత తెలిసే ఉంటుంది. 1833 చుట్టుపక్కల ఘోరమైన కరువు, 1839లో కోరంగి తీరాన్ని ముంచేసిన తుఫాను. 1821లో 7 లక్షల 38 వేలు ఉన్న జిల్లా జనాభా 1841కి 5 లక్షల 61 వేలకి పడిపోయింది. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊళ్ళు వదిలి పోయారు. మనుషులు లేకపోతే శిస్తు ఎవరు కడతారు? కంపెనీ వాళ్ళకి అసలు కంగారు అక్కడ మొదలైంది. కాటన్ దొరకి దండం పెట్టే ఊళ్ళో పుట్టినవాణ్ణే గానీ, ఈ లెక్క దాచిపెట్టి చెప్పడం నాకు ఇష్టం లేదు.

పని 1847లో మొదలై 1852కి అయింది. మధ్యలో 1848లో కాటన్ ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా వెళ్ళిపోతే, పనిని నడిపించింది ఓర్ అనే అధికారి. కూలీల్ని సమకూర్చడంలో వీణం వీరన్న గారిది పెద్ద చెయ్యి. మూడు లంకలతో కలిపి దాదాపు 4 మైళ్ళ వెడల్పున్న నది. కింద రాయి తగలదు, అంతా ఇసకే. ఇసకలో పునాది ఎలా నిలబెట్టాలో కాటన్ లండన్ లో నేర్చుకోలేదు. కావేరి మీద చోళుల కాలంనాటి కల్లణైని చూసి నేర్చుకున్నాడు. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు కూడా.

ఇంకో తమాషా. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853లో బొంబాయి నుంచి ఠాణాకి నడిచింది కదా? అంతకుముందే ధవళేశ్వరం కొండలో కొట్టిన రాయిని ఏటి దాకా తేవడానికి ఇక్కడ పట్టాలు వేశారు. రైలు వేసిన ఈ మనిషే తర్వాత జన్మంతా రైళ్ళ మీద పోట్లాడాడు. ఎందుకో చెప్పాలంటే లాకుల దగ్గరికి రావాలి.

మ్యూజియం నుంచి బ్యారేజీ దాటి బొబ్బర్లంక వచ్చి, అక్కడనుంచి కాలవ గట్టు పట్టుకున్నాను. కొంత నడక, కొంత ఆటో. మధ్యలో ఆత్రేయపురం, పూతరేకుల కోసం ఆగడం తప్పనిసరి కాబట్టి ఆగాను.

భూమి సముద్రం వైపు వాలుతుంది. ఆ వాలునే కాలవకీ ఇస్తే నీళ్ళు ఉరుకుతాయి, గట్లు తెగుతాయి, పడవ ఎదురు వెళ్ళలేదు. అందుకని కాలవని మెట్లు మెట్లుగా కట్టారు. నీళ్ళకి మెట్టు దిగడం తేలికే. పడవ ఎలా దిగాలి? రెండు జతల తలుపుల మధ్య రాతి తొట్టి లాంటిది కడతారు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూస్తారు. తొట్టిలో నీళ్ళు మెల్లగా కిందికి వదుల్తారు. నీళ్ళతో పాటు పడవా దిగుతుంది. కింది మట్టానికి రాగానే ముందు తలుపులు తెరుస్తారు. పైకి ఎక్కాలంటే ఇదే తిరగేసి. మన అపార్ట్‌మెంట్ లిఫ్ట్ అనుకోండి, కరెంటు మాత్రం అక్కర్లేదు. దీన్నే ఇంగ్లీషులో లాక్ అంటారు. మనవాళ్ళు లాకు అన్నారు, లాకులు అన్నారు. పడవలు పోయాయి, మాట మిగిలింది. నేను ఆ మాటకి కొత్త అర్థం కల్పించాను.

ఇంకోటి నడుస్తూ ఉండగా తట్టింది. గాలి లేనప్పుడు మనుషులు మోకు భుజాన వేసుకుని పడవని లాగుకుంటూ నడిచేవారు. ఎక్కడ నడిచేవారు? గట్టు మీదే. అంటే నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నడిచిన దారి వాళ్ళ డ్యూటీ దారి. ఇలా పడవలు తిరిగే కాలవలు గోదావరి డెల్టాలోనే దాదాపు 500 మైళ్ళు ఉండేవి. ఏలూరు కాలవ మీదుగా కృష్ణకి, అక్కడనుంచి కొమ్మమూరు కాలవ, బకింగ్‌హామ్ కాలవ పట్టుకుని మద్రాసు దాకా నీళ్ళ మీదే వెళ్ళొచ్చు.

కాటన్ పోట్లాట ఇదే. కాలవ తవ్వితే పంటా పండుతుంది, ఆ పంటని తక్కువ ఖర్చుతో మోయనూ మోస్తుంది. రైలు మోస్తుందంతే, పండించదు. 1876-78 కరువు తర్వాత, 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా ఇదే వాదించాడు. కమిటీ ఆయన మాట వినలేదు. ఆయన 1899 జులైలో పోయారు. మరుసటి ఏడాది, 1900లో, రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన మీద రైలు గోదావరి దాటింది. పడవలు వెంటనే ఆగిపోలేదు, మా నాన్నమ్మ కాపురానికి వచ్చే నాటికీ ఉన్నాయి. ముందు రైలు, తర్వాత లారీ, బస్సు, ఒక్కొక్కటీ వాటి బేరం లాక్కున్నాయి.

2008లో ఏలూరు, కొమ్మమూరు, బకింగ్‌హామ్ కాలవల్ని కూడా కలిపి జాతీయ జలమార్గం-4 అని ప్రకటించారు. నేను తిరిగిన దూరంలో సరుకు పడవ ఒక్కటీ కనపడలేదు. గుర్రపు డెక్క, ప్లాస్టిక్ సీసాలు మాత్రం బాగానే ప్రయాణం చేస్తున్నాయి. లొల్లలో ప్రీ-వెడ్డింగ్ షూట్ ఒకటి జరుగుతోంది.

ఇంటికెళ్ళి నాన్నమ్మకి ఈ ఫుటేజీ చూపించాను. స్క్రీన్ మీద లాకుల గోడ దగ్గర ఆపమంది. చాలాసేపు చూసింది. "లాకులో పడవ దిగుతుంటే గోడలు పైకి లేస్తున్నట్టు ఉండేదిరా. నూతిలో పడిపోతున్నాం అనుకుని మా అమ్మని తలుచుకుని ఏడ్చాను. మీ తాతయ్యేమో బెల్లం ముక్క చేతిలో పెట్టాడు" అంది.

పాత వీడియో తీసెయ్యలేదు, పైన తప్పు సరిదిద్ది పెట్టాను. మీ ఇంట్లో కాలవ పడవ ఎక్కినవాళ్ళు ఉంటే ఈ ఆదివారం ఫోన్ ఆన్ చేసి వాళ్ళ మాటలు రికార్డు చెయ్యండి. వచ్చే ఎపిసోడ్ పి.గన్నవరం, నదిని దాటించి కాలవని తీసుకెళ్ళిన 49 ఆర్చీల పాత అక్విడక్ట్ దగ్గర. ఉంటాను మరి.