పార్కింగ్ దీపాల తీగ

క్రైస్లర్ సంస్థ తన 1949 కార్లలో తాళంచెవిని తిప్పగానే ఇంజిను అందుకునే పద్ధతిని ప్రవేశపెట్టింది. అదే వాడుకగా స్థిరపడి, ఇగ్నిషన్‌కూ స్టార్టర్‌కూ వెళ్లే ప్రధాన తీగలు స్టీరింగ్ స్తంభం దగ్గర ఒకచోటికి చేరడంతో, దశాబ్దాల తర్వాత అమెరికాలో విడిగా కొని బిగించుకునే అలారాలకూ, ఇంట్లోంచే బండిని స్టార్ట్ చేసే రిమోట్ స్టార్టర్లకూ చోటు అక్కడే దొరికింది. ఆ బిగింపులో చిన్న పనిగా కనిపించే పార్కింగ్ దీపాల తీగ, కారు విద్యుత్ వ్యవస్థ మారిన తీరును మిగతా తీగలకన్నా స్పష్టంగా చూపుతుంది.

చీకట్లో ఆగి ఉన్న బండి ఉనికిని తెలపడానికి పెట్టిన ఈ చిన్న దీపాలకు అలారం కొత్త బాధ్యత అప్పగించింది. తలుపుల తాళం పడితే ఒకసారి, తెరుచుకుంటే రెండుసార్లు మెరవడం వాడుకైంది. రిమోట్ స్టార్టర్ ఉన్న బండిలో ఇంజిను నడుస్తున్నంతసేపూ దీపాలు వెలిగి, మంచు కురిసే ఊళ్లలో కిటికీ దగ్గర నిలబడ్డ యజమానికి జవాబిచ్చేవి. హెడ్‌లైట్లకన్నా ఇవి చాలా తక్కువ కరెంటు తీసుకుంటాయి కనుక, చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి విడదీసే రిలే ఒక్కటి ఆ భారాన్ని సులువుగా మోయగలిగేది.

అసలు కష్టం సరైన తీగను గుర్తించడంలో ఉండేది. దీపాలు వేస్తే 12 వోల్టులు, ఆర్పితే సున్నా చూపడం ఒక్కటే చాలదు, ఎందుకంటే డాష్‌బోర్డు వెలుగును తగ్గించి పెంచే డిమ్మర్ తీగ కూడా అలాగే చూపుతుంది. అందువల్ల డిమ్మర్‌ను తిప్పి, వోల్టేజీ మారని తీగనే ఎంచుకోవడం నియమమైంది. పొరపాటున డిమ్మర్ తీగకు కలిపితే బయటి దీపాల భారమంతా డిమ్మర్ మీద పడి అది కాలిపోవచ్చు. ఏ సిద్ధాంత గ్రంథమూ అక్కరలేని ఈ పరీక్షలో పనివారి తెలివి మెచ్చుకోదగినది.

జర్మన్ కార్లు మరో చిక్కు తెచ్చాయి. అక్కడి తీగల సంఖ్యా పద్ధతిలో 58 ఎల్ ఎడమవైపు దీపాలకూ, 58 ఆర్ కుడివైపు దీపాలకూ గుర్తు. ఇరుకు వీధిలో ఆపిన బండికి రోడ్డువైపు దీపాలు మాత్రమే వెలిగించుకునే వీలు కోసం ఈ విభజన. రెండింటినీ నేరుగా ముడివేస్తే ఆ సౌకర్యం పోయి, ఒకవైపు వేయబోతే రెండువైపులా వెలుగుతాయి కనుక, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడును ఒక్కొక్క తీగకు ఒకటి చొప్పున చేర్చేవారు.

అంతకన్నా పెద్ద మార్పుకు మూలం బాష్ సంస్థ 1986లో డెట్రాయిట్‌లో ప్రకటించిన క్యాన్ పద్ధతి, అంటే కారులోని కంప్యూటర్లు ఒకే జత తీగల మీద పరస్పరం సందేశాలు పంపుకునే ఏర్పాటు. 1991లో మెర్సిడెస్ డబ్ల్యూ140తో అది అమ్మకపు కార్లలోకి వచ్చింది. ఇలాంటి కంప్యూటర్ల చేతికి దీపాలు వెళ్లిన కార్లలో స్విచ్చు దీపపు కరెంటును మోయదు, దీపం వేయమని కబురు మాత్రం చేస్తుంది. ఆ కబురు కొన్ని కార్లలో నెగటివ్ సంకేతం, మరికొన్నిటిలో నిరోధకాలను బట్టి మారే వోల్టేజీ. అలాంటి తీగలోకి పాత అలవాటుగా 12 వోల్టులు పంపితే కంప్యూటరు చెడిపోయే ప్రమాదం ఉంది. ఈ కారణంగానే పనివారు కరెంటు లాగే టెస్ట్ ల్యాంపును పక్కనపెట్టి డిజిటల్ మీటరుకు మారారు. అలారం పెట్టెల్లో పాజిటివ్, నెగటివ్‌లలో ఒకదాన్ని ఎంచుకునే వీలు కూడా ఇందుకు పనికొచ్చింది. తర్వాత వచ్చిన డేటా మాడ్యూళ్లు కారు భాషలోనే సందేశం పంపి దీపాలను వెలిగించగలగడంతో, అవి అమర్చిన చాలా కార్లలో అలారం దీపపు తీగ దేనికీ కలవకుండా, చివర టేపు చుట్టుకుని డాష్‌బోర్డు వెనుక ఉండిపోతున్నది.