పింఛను కాగితం మీద దొర పిలుపు

మిలిటరీలో చేసి రిటైరైన మా పెద్దబాపు సర్వీసు రికార్డుల్లో పేరు మార్చమని అర్జీ పెట్టుకున్నాడు. నోటరీ అఫిడవిట్, పేపర్లో ప్రకటన, అన్నీ అయ్యాయి. భర్తీ నాడు పేరు చివర రాసుకున్న 'గాడు' తీసేసి 'అయ్య' రాయాలి. అంతే.

"ఇన్నేళ్లకు ఎందుకు పెద్దబాపు?" అన్నాను.

"పింఛను కాగితం మీద గూడ దొర పిల్సినట్టే ఉన్నదిరా" అన్నాడు.

నాకు కోరేగావ్ స్తంభం గుర్తొచ్చింది. 1818 జనవరి 1న పీష్వా సైన్యంతో పోరాడి చనిపోయిన కంపెనీ సిపాయిల పేర్లు దాని మీద చెక్కారు. వాటిలో 22 పేర్ల చివర 'నాక్' ఉంటుంది. అది మహర్ల పేర్ల తీరు. ఆ మాటను బట్టే వాళ్లు మనవాళ్లని తెలిసింది. అదే కులాన్ని చూపి 1890ల మొదట్లో మహర్ల భర్తీ ఆపేశారు. మాజీ సిపాయి గోపాల్ బాబా వలంగ్కర్ 1894లో దాని మీద అర్జీ రాశారు. 1927 జనవరి 1న సుబేదార్ రాంజీ కొడుకు అంబేద్కర్ ఆ స్తంభం దగ్గరికి వెళ్లారు.

'నాక్' మహర్లు తమలో తాము పిలుచుకున్న మాట. 'గాడు' దొర తగిలించిన మాట. మొదటిది రాతి మీద ఉండాలి. రెండోది రికార్డులోంచి పోవాలి. పేరు మార్చుకుంటే కులం దాచుకున్నట్టే అనే మిత్రులు ఈ తేడా చూడాలి.

జై భీమ్.