ఉపగ్రహ చిత్రాలతో నగర పచ్చదన పరిశీలన

నగరాలలోని ఉద్యానవనాలు, తోటలు, చెరువుగట్ల మీది చెట్లు, పొదలు కాలక్రమేణా ఎంత పెరిగినవో, ఎంత తరిగినవో ఉపగ్రహ చిత్రాల ఆధారంగా లెక్కగట్టే విధానాన్ని ఉపగ్రహ చిత్రాలతో నగర పచ్చదన పరిశీలన అంటారు. ఇది రిమోట్ సెన్సింగ్ శాస్త్రానికి చెందిన ఒక ప్రయోగం. భారతదేశంలో ఈ శాస్త్రానికి ప్రధాన సంస్థలలో ఒకటైన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం హైదరాబాదులో ఉంది.

సూత్రం

ఆకులలోని పత్రహరితం సూర్యకాంతిలోని ఎరుపు కిరణాలను అధికంగా గ్రహిస్తుంది. ఆకు లోపలి కణ నిర్మాణం కంటికి కనిపించని సమీప పరారుణ కిరణాలను అధికంగా పరావర్తనం చేస్తుంది. మట్టికి, కాంక్రీటుకు ఈ రెండింటి మధ్య ఇంత వ్యత్యాసం ఉండదు. పరారుణ విలువ నుండి ఎరుపు విలువను తీసివేసి, వచ్చిన ఫలితాన్ని ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే ఎన్.డి.వి.ఐ. అనే సూచిక లభిస్తుంది. ఉదాహరణకు పరారుణం 0.50, ఎరుపు 0.10 అయితే సూచిక 0.67 అవుతుంది. దట్టమైన చెట్లకు ఇది 1 వైపు, బీడు నేలకు సున్నాకు చేరువగా ఉంటుంది. నీటికి సాధారణంగా ఋణ సంఖ్య వస్తుంది.

ఉపగ్రహాలు

అమెరికా 1972లో మొదటి లాండ్‌శాట్‌ను, భారతదేశం 1988లో ఐ.ఆర్.ఎస్.-1ఎ ను ప్రయోగించాయి. లాండ్‌శాట్ పాత చిత్రాలు 2008 నుండి అందరికీ ఉచితంగా లభించసాగాయి. ఐరోపా వారి సెంటినెల్-2 (2015) 10 మీటర్ల స్పష్టతతో చిత్రాలు తీస్తుంది.

పోల్చే విధానం

వేర్వేరు సంవత్సరాల చిత్రాలను ఒకే ఋతువులో తీసినవిగా ఎంచుకోవాలి. వానల తరువాత తీసిన చిత్రాన్ని నడివేసవి చిత్రంతో పోల్చితే, ఎండిన గడ్డి కూడా పచ్చదనం నష్టంగా లెక్కకు వస్తుంది.

హైదరాబాదు ఉదాహరణ

భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2021 నివేదిక ప్రకారం హైదరాబాదులో అటవీ ఆచ్ఛాదన 2011లో 33.15 చదరపు కిలోమీటర్లు కాగా, 2021 నాటికి 81.81 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. అయితే ఈ నివేదికలో కనీసం 1 హెక్టారు విస్తీర్ణంలో, 10 శాతానికి మించి చెట్ల నీడ ఉన్న ప్రతి స్థలమూ అటవీ ఆచ్ఛాదనే. అది ఎవరి భూమి అనేది గాని, ఏ జాతి చెట్లు అనేది గాని పరిగణించరు.

పరిమితులు

వీధిలో ఒంటరిగా నిలిచిన వేపచెట్టు ఇట్టి లెక్కలో చేరదు. ప్రవేశం లేని ప్రైవేటు తోట చేరుతుంది. ఒకచోట పాత చెట్లు కొట్టివేసినా, మరొకచోట కొత్త మొక్కలు ఎదిగితే మొత్తం అంకె మారకపోవచ్చు. అందువలన మొత్తం విస్తీర్ణంతో పాటు ఏ ప్రాంతంలో మార్పు జరిగిందో చూపే పటం, క్షేత్ర పరిశీలన కూడా అవసరం.