మూతబడిన స్టేషను మరల తెరచుట

ఈ శతాబ్ది సంచికకు పలనాటి చరిత్రలో ఏదైన ఒక విషయము వ్రాయుమని పెద్దలు కోరిరి. పలనాటి యుద్ధమును గూర్చి వ్రాయువారు అనేకులు గలరు గనుక మేము రైలు స్టేషనును ఎన్నుకొంటిమి.

మన తాతల చిన్నతనమున గురజాల, రెంటచింతల, మాచర్ల వాసులకు గుంటూరు వెళ్ళుటయనగా ఎడ్లబండి ప్రయాణము. 1930 ప్రాంతమున గుంటూరు నుండి మాచర్లకు మీటరుగేజి రైలు వచ్చెను. అప్పటినుండి మిరపకాయల బస్తాలకు, నాపరాళ్ళకు, కోర్టు పనిమీద వెళ్ళు రైతులకు, హాస్టలు పిల్లలకు స్టేషనే ఊరి వాకిలి. 1955లో నాగార్జునసాగరునకు శంకుస్థాపన జరిగిన పిమ్మట, సాగరు చూడ వచ్చువారికి మాచర్లయే దగ్గరి స్టేషనాయెను. తరువాత ఆ లైను బ్రాడ్‌గేజిగా మారెను. నడికుడి నుండి మాచర్ల వరకు గల 35 కిలోమీటర్లు నేడు దాని కొస కొమ్మ.

2020 మార్చిలో కరోనా వలన దేశమంతట ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయెను. సరకు బండ్లు మాత్రము నడచుచునే యుండెను. పట్టాలు, సిగ్నళ్ళు ఉన్నవి. టిక్కెట్టు కిటికీ మాత్రము మూతబడెను. అటుపిమ్మట ప్యాసింజరు బండ్లు విడతలుగా ప్రత్యేక బండ్లను పేరుతో తిరిగి వచ్చెను. 10 రూపాయల కనీసపు ఛార్జీ 30 రూపాయలాయెను. 2024 ఫిబ్రవరిలో గాని పాత ఛార్జీ రాలేదు. ఈలోగా కూలికి పోవువారు ఆటోలకు, బస్సులకు అలవాటుపడిరి. దేశములో అనేక చిన్న స్టేషన్లలో బండి ఆగుటయే మానెను.

తాళము తీసినంత మాత్రమున స్టేషను తెరచినట్లేనని మనమనుకొందుము. ఇది సరికాదు. సిగ్నళ్ళు గల స్టేషనైనచో రాత్రింబగళ్ళు మాస్టరు, పాయింట్సుమన్ ఉండవలెను. హాల్టు అయినచో కమీషను మీద టిక్కెట్లమ్ము ఏజెంటు దొరకవలెను. అమ్మకము లేనిచోట ఆయనకు మిగులునదేమి? ఒంటి లైనుమీద ఒక బండి ఆగినచో వెనుకనున్నది కాచుకొనవలెను. కనుక అధికారులు మొదట అడుగునది టిక్కెట్ల లెక్కయే. బండి ఆగనిచోట టిక్కెట్లు అమ్ముడుపోవు. టిక్కెట్లు అమ్ముడుపోనిచోట బండి ఆగదు. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

దీనికి మన రాష్ట్రములోనే, గోదావరి తీరమున, ఒక నిదర్శనము కలదు. కాకినాడ నుండి కోటిపల్లికి 45 కిలోమీటర్ల లైను 1928లో వేసిరి. రెండవ ప్రపంచ యుద్ధ అవసరములకు 1940లో ఆ పట్టాలు పెరికి తీసికొనిపోయిరి. రామచంద్రపురము, ద్రాక్షారామము, కోటిపల్లి ప్రజలు తరము తరువాత తరము దానినడిగిరి. 64 ఏండ్లకు, 2004లో, రైలు మరల వచ్చెను. ఎంత సంతోషము! అయితే ఆ దారిన నడచినది ఒకే పెట్టె గల రైలుబస్సు. రోడ్డుమీద బస్సులు, ఆటోలు కోరిన వేళకు దొరకుచుండగా దానికొరకు కాచుకొనువారు కొద్దిమందియే. 2020లో అదియు నిలిచిపోయెను. తెరచుటకు 64 ఏండ్లు పట్టినది నిలిచిపోవుటకు 16 ఏండ్లే పట్టెను.

దీనినుండి మేము గ్రహించినది ఒక్కటే. ప్రారంభోత్సవము నాటి పూలదండలు స్టేషనును నిలువబెట్టవు. ఉదయము కచేరీల వేళకు చేర్చి, సాయంకాలము ఇంటికి తెచ్చు బండి వలెను. దానిలో ఎక్కు మనుష్యులు వలెను. 2022 ఏప్రిలులో నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా ఏర్పడినది. మాచర్ల, గురజాల వారు జిల్లా కార్యాలయములకు పోవలసిన అవసరము పెరిగినది. అయితే మాచర్ల కొమ్మ ఒక దారి, నరసరావుపేట స్టేషను మరియొక దారి. ఏ వేళకు, ఏ ఊరినుండి, ఎందరు ప్రయాణము చేయుదురో మనమే లెక్కవ్రాసి అర్జీతో జతపరచినచో, వట్టి విన్నపముకంటె దానికి బలము కలుగును.

అంతవరకు మన వంతు చిన్నది. బండి ఆగిన ప్రతిచోట టిక్కెట్టు కొని ఎక్కుదము. మన పిల్లలకును ఆ వాకిలి తెరచియుండవలెను గదా!