చిగుళ్ల లోపలికి మందు చేరిన దారి

బొగ్గుబాయిలోకి దిగే మనిషి జేబులో అగ్గిపెట్టె, బీడీ ఉండకూడదు. లోపల మీథేన్ అంటుకుంటే ప్రాణాలు పోతాయి కనుక ఆ నిషేధం తప్పనిసరి. కానీ పొగ తాగడానికి వీల్లేని చోట తంబాకు బుగ్గన చేరింది. సింగరేణి గనులున్న గోదావరిఖని, రామగుండం కార్మికుల చిగుళ్ల గురించి మాట్లాడాలంటే ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి. ఖైనీ పెట్టుకునే చోట చిగురు జారి పంటి వేరు బయటపడుతుంది. పళ్లకు గార (గట్టిపడిన పాచి) పేరుకుని, షుగర్ కూడా తోడైతే పంటికీ చిగురుకీ నడుమ సందు లోతవుతుంది. మామూలుగా 3 మిల్లీమీటర్లు దాటని ఆ సందు 5, 6 మిల్లీమీటర్ల పాకెట్ అవుతుంది. జనం పయోరియా అనేది ఈ జబ్బునే.

చిగుళ్లు ఎందుకు చెడతాయో తెలుసుకోవడానికి 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే పరిశోధకుడి బృందం ఆరోగ్యవంతుల చేత పళ్లు తోమడం మాన్పించి చూసింది. మూడు వారాల్లోపే అందరి చిగుళ్లూ వాచాయి, మళ్లీ తోమితే తగ్గాయి. దోషం క్రిములుండే పాచిదేనని తేలాక కొందరు వైద్యులు యాంటీబయాటిక్ మాత్రల వైపు చూశారు. మాత్ర ఒళ్లంతా తిరిగి చిగురుకు చేరేది కొంచెమే. పైగా కడుపు చెడుతుంది, క్రిములు మందుకు లొంగకుండా పోతాయి.

1979లో అమెరికాలో మ్యాక్స్ గుడ్సన్ బృందం టెట్రాసైక్లిన్ నింపిన సన్నని బోలు పోగును నేరుగా పాకెట్‌లో పెట్టింది. చెప్పినంత తేలిక కాదిది. పాకెట్‌లో ఊరే ద్రవం గంటకు సుమారు 40 సార్లు మారిపోతుంది, పోసిన మందు నిలవదు. తొలి పోగులు గంటల్లోనే ఖాళీ అయ్యేవి. 10 రోజుల పాటు మందు వదిలే యాక్టిసైట్ పోగుకు అమెరికాలో అనుమతి వచ్చేసరికి 1994 అయింది. దాన్ని మళ్లీ డాక్టరే తీయాల్సి వచ్చేది. అందుకే 1998లో డాక్సీసైక్లిన్ జెల్, 2001లో మినోసైక్లిన్ సూక్ష్మరేణువులు వచ్చాయి. అవి లోపలే కరిగిపోతాయి. టెట్రాసైక్లిన్ ఎక్కించిన కొల్లాజెన్ పోగులు మన దేశంలోనే తయారవుతున్నాయి.

ఈ టెట్రాసైక్లిన్ మందుల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను కనుగొన్నది బెంజమిన్ డగ్గర్, లెడర్లీ ప్రయోగశాలలో. 1948లో లోకానికి తెలిసిన ఆ పరిశోధనకు సారథ్యం వహించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ సంగతి ప్రతి తెలుగు దంతవైద్య విద్యార్థికీ తెలియాలి.

ఇంత చరిత్ర తర్వాత తేలిన లెక్క చిన్నది. గార గీకి, వేరు శుభ్రం చేశాక మందు పెడితే, ఉత్త గీకుడు కన్నా పాకెట్ అదనంగా తగ్గేది సగటున అర మిల్లీమీటరు లోపే. గార అలాగే ఉంచి మందు పెడితే డబ్బు దండగ. కాబట్టి మందుది రెండో స్థానం, శుభ్రం చేసిన తర్వాత కూడా మొండికేసిన పాకెట్లకే అది. గీకిస్తే పళ్లు వదులవుతాయన్న భయం మన దగ్గర ఇంకా బలంగా ఉంది. నిజానికి పళ్లను వదులు చేసేది ఆ గార కింద నడిచే జబ్బే.

గని కార్మికులకు నిబంధనల ప్రకారం నిర్ణీత వ్యవధికోసారి వైద్య పరీక్ష జరుగుతుంది. ఆ రోజున కొలత గీతలున్న చిన్న ప్రోబ్‌తో ప్రతి కార్మికుడి చిగుళ్ల లోతు కూడా కొలవాలని సింగరేణి వైద్య విభాగాన్నీ, కార్మిక సంఘాలనూ కోరుతున్నాను.