కాన్పు చావుకు చరిత్ర లేదా?

మన చరిత్ర గ్రంథాల్లో రాజులు యుద్ధంలో చస్తారు, రైతులు కరువులో చస్తారు. కాన్పులో పోయిన స్త్రీ మాత్రం ‘కర్మ’ వల్ల పోతుంది. ఆ మాటను కొంచెం గీరి చూడవలసి ఉంది.

1888, 1889లలో నిజాం ప్రభుత్వ ఆదరణలో హైదరాబాదులో రెండు క్లోరోఫారం కమిషన్లు కూర్చున్నాయి. మత్తుమందు గుండెను ఆపుతుందా, శ్వాసను ఆపుతుందా అని దేశదేశాల వైద్యులు తర్కించుకున్నారు. అదే రాజ్యంలో పాలమూరు పల్లెల్లో బిడ్డ అడ్డం తిరిగితే మంత్రసాని చేతులే దిక్కు. (మంత్రసానిని వెక్కిరించే ఆధునికులతో నాకు పేచీ ఉంది. ఆమెకు సబ్బూ శిక్షణా ఇవ్వనిది ఎవరు?) మూర్ఛలొచ్చి పోయే జబ్బుకు ‘గుర్రపువాతం’ అన్న పేరు మన భాషలో ఉండనే ఉంది. రక్తపోటు కొలిచే పట్టీ, మెగ్నీషియం సల్ఫేట్ సూది మాత్రం పల్లె దాకా రాలేదు.

రక్తహీనత, పిన్న వయసు, ఎడం లేని కాన్పులు, రక్తపోటు: వైద్యగ్రంథం చెప్పే ప్రమాద కారణాలివి. ఒకే మోతాదు రక్తస్రావాన్ని తిండి గల ఇంటి స్త్రీ తట్టుకుంటుంది, రక్తం లేని కూలిస్త్రీ తట్టుకోలేదు. నల్లగొండ వెట్టి జ్ఞాపకాల్లో బాలింతలను పొలానికి తోలిన వైనాలున్నాయి. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో సాయుధ పోరాట స్త్రీలు అజ్ఞాతవాసపు కాన్పుల గురించీ, వదులుకున్న బిడ్డల గురించీ చెప్పారు. అంతకుముందు పోరాట చరిత్రల్లో వీటికి దక్కిన చోటెంత?

కొత్తకోట హైదరాబాదు-కర్నూలు రహదారి మీదే ఉంది. కానీ రోడ్డు పక్కనున్నంత మాత్రాన ఆస్పత్రి దగ్గరైనట్టు కాదు. 1994లో తడియస్, మెయిన్ అనే పరిశోధకులు మూడు ఆలస్యాలను గుర్తించారు: వెళ్ళాలని నిర్ణయించడంలో, చేరడంలో, చేరాక చికిత్స అందడంలో. గుంపుమేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని దూరదేశపు డ్యాం పనికి పోయిన పాలమూరు గర్భిణికి మొదటి ఆలస్యం అప్పులోనే మొదలవుతుంది.

తెలంగాణలో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2014-16లో 81, 2018-20లో 43. ఇది చిన్న విజయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే. అయినా గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే. నూటికి 60 దాటి కోత కాన్పులు. కోత పడ్డ గర్భసంచిలో తరువాతి చూలుకు మాయ ఆ మచ్చలోకే వేళ్ళు దించవచ్చు, కాన్పులో రక్తం వరదవుతుంది. పనికోసం ఊళ్ళు మారే కూలిస్త్రీ వెంట ఆ పాత కోత కాగితం పోతుందా అన్నది ఏ సర్వే పట్టికలోనూ లేదు.