దయ, గణితము, ఆనకట్ట

గణితము హృదయము నెఱుగదనియు, పెద్ద నిర్మాణములకు పూనుకొనువాడు తన రాగద్వేషములను గుమ్మము వెలుపలనే విడిచి రావలెననియు విద్యావంతులలో ఒక యభిప్రాయము ప్రబలియున్నది. మేము బడిలో గోదావరి ఆనకట్టను గూర్చి పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, “అయ్యా, అంత పెద్ద నదికి కట్ట వేయవలెనని తోచుట లెక్కలు వేయుటచేతనా, జాలిపడుటచేతనా?” అని యడిగెను. మేము తొందరపడి “లెక్కలు వేయుటచేతనే” అంటిమి. తరువాత ఆ చరిత్రను మరల పరిశీలించినకొలదిని మా సమాధానము సగమే సత్యమని తేలినది. మిగిలిన సగమును పాఠకులకు విన్నవించుటకే ఈ వ్యాసము.

నందననామ సంవత్సరమున, అనగా 1832-33లో, వచ్చిన క్షామమును మన పెద్దలు డొక్కల కరువనిరి. గుంటూరు సీమలో సుమారు 5 లక్షల జనులలో 2 లక్షలమంది దాక నశించిరని అంచనా. 1839లో గొప్ప తుపాను వచ్చి కోరంగి రేవును ముంచెను. రాజమహేంద్రవర మండలమున 1821లో 7 లక్షల 38 వేలుగా నున్న జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగినది. ఆ యిరువది యేండ్లును గోదావరి యెండిపోలేదు. ఏటేట వరదనీరు పొలముల ప్రక్కనుండియే సముద్రమునకు పోవుచుండెను. దాహముతో చచ్చువాని ముందు నిండుకుండ నుంచినట్లుండెను ఆ స్థితి.

ఈ యంకెలు కంపెనీవారి కచ్చేరీలలో లేకపోలేదు. కాని యంకె తనంతట తాను ఎవ్వరిని కదలింపదు. కొందఱకు అది తగ్గిన శిస్తుగా కనబడెను. కొందఱకు దైవవశముగా కనబడెను. 1844లో సర్ హెన్రీ మాంట్‌గొమరీ ఆ మండలమును పరిశీలించి, నీటిపారుదల పనులు చేయనిదే అది బాగుపడదని వ్రాసెను. ఆ పని ఆర్థరు కాటనున కప్పగింపబడెను. ఈయన 1803లో జన్మించి, 1821లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఇంజనీరుగా చెన్నపురి రాజధానికి వచ్చినవాడు. జనులు ఆకలిచే చచ్చుచుండగా నీరు వ్యర్థముగా పోవుట ఆయన సహింపజాలకపోయెను. ఆయన వ్రాతలలో ఈ యార్తి, దానితో గూడిన ఆగ్రహము, అడుగడుగున కానవచ్చును. మన యాలంకారికులు వీరరసమునకు ఉత్సాహమును స్థాయిగా జెప్పి, వీరులలో దయావీరుని ఒకనిగా లెక్కించిరి. దయ కన్నీటితో ఆగిపోక కార్యోత్సాహముగా మాఱినపుడే వాని కాపేరు తగును.

అయితే దయ యొక్కటియే ఆనకట్టను కట్టలేదు. లండనులోని డైరెక్టర్లు వ్యయమునకు భయపడువారు. వారికి వినబడు భాష లాభనష్టముల భాష. కాటను తన 1844, 1845 సంవత్సరముల నివేదికలలో ఆ భాషలోనే మాటలాడెను. నీరు పాఱిన యెడల శిస్తు ఎంత పెరుగును, కాలువలలో పడవలు నడిచిన యెడల రవాణా వ్యయ మెంత తగ్గును అని లెక్క గట్టి చూపెను. 1846లో అనుమతి లభించెను. 1847లో పని ప్రారంభమై 1852 నాటికి ముగిసెను. దయ గమ్యమును చూపగా గణితము దారిని కొలిచినది. గమ్యము లేనివానికి దారి పొడవుతో పనియేమి?

కట్టడపు రూపములో సైతము హృదయభావమునకు చోటున్నది. ధవళేశ్వరముకడ గోదావరి అడుగంతయు ఇసుక. గట్టి రాతిపొర దొరకనిచోట పునాది వేయరాదని నాటి సీమ ఇంజనీర్ల నమ్మకము. కాని కాటను అంతకుముందే కావేరిమీది కల్లణైని శ్రద్ధతో పరీక్షించియుండెను. చోళుల కాలమునాటిదని ప్రసిద్ధిగన్న ఆ కట్ట ఇసుకమీదనే నిలిచి యుండెను. ఇసుకలో రాళ్లు వేయగా అవి దిగును. మరల వేయగా మరల దిగును. తుదకు ఇక దిగని స్థితికి వచ్చి నిలుచును. ఈ యుపాయమును దేశీయులనుండియే నేర్చితిమని ఆయన దాచక యొప్పుకొనెను. పాలకజాతికి సహజమైన తిరస్కారభావము ఆయన కన్నులను గప్పియుండినచో ఆ రాళ్లు వట్టి రాళ్లుగానే కనబడెడివి. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు ఖండములుగా లేచిన ఆనకట్ట పునాదిలో రాతితోపాటు ఈ వినయమును గూడ మేము చూచుచున్నాము. వేలకొలది కూలీలతో పని నడిపించుటలో ఆయనకు కుడిభుజమై నిలిచిన వీణం వీరన్నగారిని మనవారు మఱువరాదు.

ఇంతవరకు చదివినవారు, హృదయము మంచిదైనచో కార్యము తప్పక ఫలించుననుకొనవచ్చును. అట్లు కాదనుటకు కర్నూలు-కడప కాలువయే సాక్ష్యము. కాటను ఆలోచన నాధారముగా గొని, 1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషను కంపెనీ తుంగభద్రపై సుంకేశులకడ కట్ట వేసి కాలువ త్రవ్వించెను. పెట్టుబడిపై నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వము పూచీపడినది. నష్టభయము లేనివారికి జాగ్రత్త యుండదు, ఖర్చు మితిమీఱెను. అంతకంటె పెద్ద పొరపాటు మఱియొకటి. ఆ సీమలో చాలభాగము నల్లరేగడి నేల. వానలు సామాన్యముగా కురిసిన యేట రైతు జొన్నయు ప్రత్తియు మెట్టపైరుగా పండించుకొని తృప్తిపడును. నీటితీరువ చెల్లించి, అలవాటులేని తడిసేద్యమునకు దిగుటకు అతడు జంకెను. కాలువలో నీరుండెను గాని కొనువారు లేకపోయిరి. తుదకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసివచ్చెను. గోదావరీతీరమున ఫలించిన దయయే ఇచ్చట తడబడెను. ఏలయన, రైతునకు మేలు చేయవలెనని తలచినవారు రైతు మనస్సున నేమున్నదో అడుగలేదు. అతని భయమును అజ్ఞానమని త్రోసివేసిరి. ఆ భయమున తరతరముల నేల యనుభవ మిమిడియున్నది.

స్వదేశీయుల పాలనలోనైనను ఈ పాఠము మనకు పూర్తిగా పట్టువడలేదు. 1981లో శ్రీశైల జలాశయమునకై వందకు మించిన పల్లెలు ఖాళీ చేయింపబడెను. ఇంటికింత, యెకరమునకింత అని వెల గట్టిరి. ఇలువేల్పుగుడిని, పెద్దల సమాధులను, పెండ్లినాటి పందిరి వేసిన వాకిలిని ఏ పద్దున వ్రాయగలరు? ఆ జలాశయము వలన కలిగిన మేలు మేము కాదనము. కాని లెక్కకు రానిది లేనట్లే యనుకొనుట శాస్త్రము కాదు. అది కంటికి గంత కట్టుకొనుట.

ఈ సంగతి ఆనకట్టలతో ముగియునది కాదు. మన యిండ్లలో వంటయిల్లు ఎటు కట్టవలెనో యజమానియు మేస్త్రియు కలసి తీర్మానింతురు. పొగలో దినమంతయు నిలువవలసిన గృహిణిని అడుగువారు లేరు. ఆమె కష్టము చెప్పుకొన్నచో “ఆడవారి చాదస్తము” అందురు. ఆ చాదస్తమను మాటతోనే కర్నూలు కాలువ త్రవ్వినవారు రైతు మనస్సును కొట్టివేసిరి. సంస్కరణము కోరువారు మొదట ఈ మాటను తమ యింటినుండి వెడలగొట్టవలెను.

కాటను 1899లో మరణించెను. ఆయన కట్టించిన ఆనకట్ట స్థానమున 1982 నాటికి క్రొత్త బ్యారేజి పూర్తియై ఆయన పేరనే నిలిచియున్నది. సుమారు 10 లక్షల యెకరములకు నీరిచ్చుచున్నది. ఆ బాలునకు మేమిప్పుడు మఱియొక సమాధానము చెప్పుదుము: “నాయనా, జాలిపడినవాడే లెక్క వేయుటకు కూర్చుండెను. కాని లెక్క వేయుటకు ముందు, ఎవరికై వేయుచున్నాడో వారిని పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను. ఆ రెండవపని చేసినచోట నీరు పాఱినది, చేయనిచోట నిలిచిపోయినది.”